పేరెక్కిన రోజు నుంచి

హైదరాబాద్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పని వెతుక్కుంటూ గేటు దగ్గరికొచ్చిన మనిషి మొదట జీతమెంతో అడిగేవాడు. ఆ వెంటనే గొంతు కాస్త తగ్గించి, "ఈఎస్ఐ ఉంటదా సార్?" అనేవాడు. ఉంటుందంటే వంద తక్కువైనా ఒప్పుకునేవాడు. నేను 1988లో అక్కడి ఒక షీట్‌మెటల్ ఫ్యాక్టరీ టైమాఫీసులో చేరి, రిటైరయ్యేదాకా అదే పని చేశాను. హాజరు పట్టీ, ఓవర్‌టైం లెక్క, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ నా బల్ల మీదే ఉండేవి. ఇప్పుడు నారపల్లిలో ఉంటున్నాను. ఇరుగుపొరుగువాళ్లు ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఇప్పటికీ మా ఇంటికొస్తారు.

ఆరోగ్య బీమా అంటే ఈ కాలం పిల్లలకు ఫోన్లో ఒక యాప్, ఏడాదికోసారి కట్టే ప్రీమియం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి షెడ్లలో బతుకు వెళ్లదీసినవాళ్లకు అది ఒక ఫారం, ఆ ఫారం మీద పడిన వేలిముద్ర. ఏ రోగానికి ఎంత ఖర్చు ఇస్తారన్న సంగతి తర్వాత. పేరెక్కిందా లేదా అన్నదే ముందు. ఇన్నేళ్ల పనిలో నేను చూసిన కష్టాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. అందుకే ఈ చరిత్రను నేను పేర్ల చరిత్రగానే చెబుతాను.

జర్మనీలో బిస్మార్క్ 1883లో కార్మికులకు జబ్బు బీమా పెట్టాడు. బ్రిటన్‌లో 1911లో చట్టమొచ్చింది. మన దగ్గర ఆలోచన ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, మిల్లులు మూడు షిఫ్టులు నడుస్తున్నప్పుడు. ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ను 1943 మార్చిలో కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పనికి పెట్టారు. ఆయన మరుసటి ఏడాది నివేదిక ఇచ్చారు. దాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు స్టాక్, రావు పరిశీలించారు. చివరికి 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే ఈఎస్ఐ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో కార్మికుల కోసం చేసిన తొలి పెద్ద సామాజిక భద్రతా చట్టం అదే. కానీ అది మొదట్లో హైదరాబాద్‌కు వర్తించలేదు. చట్టం వచ్చినప్పుడు మనది సంస్థానం, ఆ తర్వాత పార్ట్-బి రాష్ట్రం. 1951లో చట్టాన్ని సవరించాకే ఆ అడ్డు తొలగింది.

పథకం నిజంగా మొదలైన రోజు 1952 ఫిబ్రవరి 24. కాన్పూర్‌లో నెహ్రూ ప్రారంభించారు. అదే రోజు ఢిల్లీలోనూ మొదలైంది. రెండు చోట్లా కలిపి లక్షా 20 వేల మంది కార్మికులు. గౌరవ సూచకంగా మొదటి బీమాదారుగా నెహ్రూ పేరే ఎక్కించారు. దేశ ప్రధాని కూడా ఒక డిక్లరేషన్ ఫారం నింపితేనే లోపలికొచ్చాడన్న ఈ సంగతి నాకెంతో నచ్చుతుంది. ఫారం నింపడానికి సిగ్గుపడే కార్మికులకు చాలాసార్లు చెప్పేవాణ్ని.

హైదరాబాద్‌కు ఈఎస్ఐ 1955లో వచ్చింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉంది. ఆనాటి కార్మికులు ఎక్కువగా ఆజమాబాద్, సనత్‌నగర్ వైపు, ట్యాంక్‌బండ్ దిగువన డీబీఆర్ మిల్లులో ఉండేవారు. మా తూర్పు దిక్కు షెడ్లు తర్వాత లేచాయి. ఈసీఐఎల్, మౌలాలి దగ్గర ఎన్ఎఫ్‌సీ లాంటి పెద్ద సంస్థలు రావడం, వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లు పుట్టడం అన్నీ అరవై, డెబ్బై దశకాల మాట. పెద్ద ప్రభుత్వ సంస్థలవాళ్లకు సొంత వైద్య ఏర్పాట్లుండేవి. ఈఎస్ఐ మీద ఆధారపడింది ఆ చిన్న షెడ్ల జనమే. నాచారంలో ఎన్టీ రామారావు కట్టిన రామకృష్ణా స్టూడియో చూడటానికి ఊళ్ల నుంచి చుట్టాలొచ్చేవారు. ఆ చుట్టుపక్కల ప్రెస్సులు, రంగులు, మందులు, ప్లాస్టిక్కులు చేసే షెడ్లలో చెమటోడ్చేవాళ్లను చూడటానికి ఎవరొస్తారు?

మా హెడ్ క్లర్కు పాతకాలం మనిషి. ఆయన ఈఎస్ఐ స్టాంపుల సంగతి చెప్పేవాడు. మొదట్లో చందాకు ప్రత్యేకంగా బిళ్లలు అచ్చువేసేవారట, పోస్టు బిళ్లల్లాగే. ప్రతి కార్మికుడికీ ఒక చందా కార్డు, దాని మీద వారం వారం ఆ బిళ్ల అంటించాలి. బిళ్ల అంటితేనే ఆ వారం లెక్కలోకొచ్చినట్టు. నేను చేరేసరికి అది పోయి చలానా పద్ధతి నడుస్తోంది. బ్యాంకులో డబ్బు కట్టడం, ఆరునెలలకోసారి ఫారం-6లో అందరి పేర్లు, రోజులు, జీతాలు, కోతలు వరసగా రాసి లోకల్ ఆఫీసుకు పంపడం. కార్బన్ కాగితాలు పెట్టి నాలుగు ప్రతులు రాస్తే చేతివేళ్లు నీలంగా మారేవి. ఒక్క పేరు జారిపోయినా ఆరునెలల తర్వాత ఆ మనిషి జబ్బుపడ్డప్పుడు డబ్బు రాదు. ఆ భయంతోనే హాజరు పట్టీతో సరిచూసుకుంటూ రాసేవాళ్లం.

చేరినప్పుడు నింపాల్సింది ఫారం-1. ఇందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇంతకుముందు ఇన్సూరెన్స్ నంబరుంటే అది, ఏ డిస్పెన్సరీ దగ్గరో అది, నామినీ, ఆధారపడినవాళ్ల వివరాలు ఉండేవి. చదువుకున్నవాడికి ఐదు నిమిషాల పని. మా షెడ్డుకొచ్చేవాళ్లకు పూట పట్టేది. "పుట్టిన తేదీ ఎప్పుడు తాతా?" అంటే ఒకాయన, "పోలీసు యాక్షన్ అయినంక రెండేండ్లకు పుట్టిన్నంట, మా అవ్వ చెప్పేది" అన్నాడు. 1948కి రెండు కలిపి 1-7-1950 అని వేశాం. తేదీ తెలియనివాళ్లందరూ జూలై ఒకటినే పుట్టేవారు మా కాగితాల్లో. పేరు దగ్గర ఇంకా చిక్కు. ఇంట్లో యాదగిరి, రేషన్ కార్డులో యాదయ్య, ఓటర్ల జాబితాలో యాదగిరయ్య. ఏది రాసినా ఇంకోచోట సరిపోదు. హెడ్ క్లర్కు ఒకటే మాట చెప్పేవాడు: రేషన్ కార్డులో ఎలా ఉంటే అలాగే రాయి, జీవితమంతా దాన్నే రాయమని అతనికీ చెప్పు.

తర్వాత కుటుంబం ఫొటో అడిగారు. పోస్టుకార్డు సైజులో, అందరూ కనిపించేలా. కార్మికుడికి సగం పూట పర్మిషన్ ఇచ్చేవాళ్లం. భార్యాపిల్లలు ఊళ్లో ఉంటే వాళ్లను పిలిపించాలి, బస్సు ఖర్చులు పెట్టుకోవాలి, అందరూ కలిసి స్టూడియోకు వెళ్లాలి. చాలామందికి ఇంట్లో కుటుంబమంతా కలిసి దిగిన ఫొటో అదొక్కటే. అదనంగా ఒక కాపీ తీయించుకుని గోడకు పెట్టుకున్నవాళ్లున్నారు. ఇంటివాళ్లకు కూడా వైద్యం ఇవ్వడం ఈఎస్ఐలో మొదటి నుంచీ లేదు, 1958 నుంచే మొదలైంది. ఆ ఒక్క మార్పు లేకపోతే ఈ పథకాన్ని జనం ఇంతగా తమదనుకునేవారు కాదని నా నమ్మకం. మగవాడు తన జ్వరాన్ని ఓర్చుకుంటాడు. పిల్లకు జ్వరమొస్తే, తల్లికి దమ్మొస్తే ఓర్చుకోడు.

ఇక పేరు ఎక్కించని కథలు. మొదట చట్టం కరెంటు వాడుతూ 20 మంది పనిచేసే ఫ్యాక్టరీకే వర్తించేది. కాబట్టి రిజిస్టర్లో 19 పేర్లే ఉండే షెడ్లు చాలా కనిపించేవి. ఇరవయ్యోవాడు మిషన్ మీద ఉంటాడు, కాగితం మీద ఉండడు. 1989 సవరణతో ఆ సంఖ్య 10కి దిగింది. అప్పుడు ఒకే షెడ్డు మధ్యలో గోడ లేపి రెండు బోర్డులు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఒకే గేటు, ఒకే కరెంటు మీటరు, రెండు కంపెనీలు. మరో దారి ఊరి హద్దు. పథకం ఏయే ఊళ్లకు వర్తిస్తుందో గెజిట్‌లో రెవెన్యూ గ్రామాల పేర్లతో సహా ప్రకటించేవారు. ఆ జాబితాలో లేని ఊళ్లో షెడ్డు పెడితే చందా కట్టక్కర్లేదు. నగరం మాత్రం ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు వెంట బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్ దాకా పరుచుకుంటూ పోయింది. పని ఎక్కడికి పోతే పనివాడూ అక్కడికే పోయాడు, చట్టం వెనకాల నడిచింది. జిల్లా మొత్తాన్ని ఒకేసారి పరిధిలోకి తేవడం ఇటీవలి మాట.

ఒక సంఘటన చెప్పాలి. తొంభైల మొదట్లో భువనగిరి వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు సోమవారం మా దగ్గర చేరాడు. గురువారం పవర్‌ప్రెస్ మీద రేకు పెడుతుంటే కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. సూపర్‌వైజర్ కాటన్ వేస్టు చుట్టి బయటికి తెచ్చాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చి మొదట అడిగిన మాట, "వాడి పేరు ఎక్కిందా?" ఫారం సంతకాలై నా సొరుగులో ఉంది, ఆఫీసుకు ఇంకా పంపలేదు. పంపడానికి చట్టం 10 రోజులు గడువిచ్చింది. మేనేజరు ఎవరైనా ప్రైవేటు డాక్టరు దగ్గర కట్టు కట్టించి, ఎంతో కొంత చేతిలో పెట్టి ఊరికి పంపేద్దామన్నాడు. హెడ్ క్లర్కు లేచి హాజరు పట్టీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "సోమవారం నుంచి పేరుంది సార్. పనిలోకి దిగిన నిమిషం నుంచే వాడు ఈఎస్ఐ మనిషి. ఇది యాక్సిడెంటు, దీనికి ఇన్ని రోజులు పని చేసుండాలన్న లెక్కే లేదు." మేనేజరు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత జీపు తీయమన్నాడు.

హెడ్ క్లర్కు చెప్పింది అక్షరాలా చట్టం. జబ్బు చేస్తే డబ్బు రావడానికి చందా రోజులు కావాలి, పనిలో దెబ్బ తగిలితే అక్కర్లేదు. ఆ కుర్రవాడు మెడికల్ బోర్డు ముందుకెళ్లాడు. చట్టంలోని పట్టిక ప్రకారం ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టం. ఆ లెక్కన నెలనెలా పింఛను మంజూరైంది, బతికినంతకాలం వచ్చేది. ఆ రోజు ప్రైవేటు కట్టుతో ఊరికి పోయుంటే నాలుగు నోట్లతో అయిపోయేది. ఆ పట్టీలో సోమవారం ఎదురుగా నేను పెట్టిన చిన్న 'పి' అక్షరం ఒక మనిషికి జీవితకాలపు ఆధారమైంది. నా ఉద్యోగంలో నేను గర్వపడే పని ఏదంటే అదే చెబుతాను.

జబ్బు సంగతి వేరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని చందా కాలాలు రెండు. ఒక్కో చందా కాలంలో 78 రోజుల చందా పడితే, దానికి జత కట్టిన ఆరునెలల్లో జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. ఏప్రిల్-సెప్టెంబరుకు జత జనవరి-జూన్, అక్టోబరు-మార్చికి జత జూలై-డిసెంబరు. ఈ 78 అంకె ఫ్యాక్టరీలో అందరికీ నోటికొచ్చు. కొందరు కాంట్రాక్టర్లకైతే మరీ బాగా తెలుసు. డెబ్బై దాటేసరికి "కొన్నాళ్లు ఆగు, మళ్లీ పిలుస్తా" అని బ్రేక్ ఇచ్చేవాళ్లు. మళ్లీ వచ్చినప్పుడు కొత్త పేరు, కొత్త ఫారం, కొత్త నంబరు. ఒకే మనిషికి మూడు ఇన్సూరెన్స్ నంబర్లు, మూడింట్లోనూ అరకొర రోజులు. ఆధార్ వచ్చాక, నంబరు జీవితమంతా ఒకటే అన్నది ఆన్‌లైన్లో కచ్చితమయ్యాక ఈ గారడీ బాగా తగ్గింది. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లకైతే 70 రోజుల లెక్క. దాని మీద ప్రసూతి సెలవు పూర్తి జీతంతో వస్తుంది. మొదట 12 వారాలు ఉండేది, 2017 నుంచి 26 వారాలైంది. పెళ్లైన పిల్ల పనికొస్తే ముందు ఆమెకు చెప్పేది ఇదే: రోజులు పోగొట్టుకోకమ్మా.

జీతం పరిమితి మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. చట్టం వచ్చినప్పుడు నెలకు 400 రూపాయల లోపు జీతగాళ్లకే ఈఎస్ఐ. తర్వాత అది పెరుగుతూ వచ్చింది. 1997లో 6,500, 2004లో 7,500, 2006లో 10,000, 2010 మే నుంచి 15,000, 2017 జనవరి నుంచి 21,000. ధరలు ఏటా పెరుగుతాయి, పరిమితి కొన్నేళ్లకోసారే పెరుగుతుంది. మధ్యలో ఇంక్రిమెంటు వచ్చినవాడు జారిపోతాడు. మా వెల్డరు ఒకాయనకు 2015 జూన్‌లో జీతం 15,000 దాటింది. చందా కాలం మధ్యలో దాటాడు కాబట్టి సెప్టెంబరు దాకా కోత నడిచింది, ఆ చందా మీద వైద్యం 2016 జూన్ ఆఖరుదాకా నడిచింది. జూలై నుంచి ఏమీ లేదు. ఆ ఏడాదే సెప్టెంబరులో భార్యకు పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ తప్పదన్నారు. ప్రభుత్వ ఆరోగ్యశ్రీ వైద్యానికి రేషన్ కార్డుందా అంటే, నల్గొండ జిల్లా ఊళ్లో తండ్రి పేరు మీద ఉంది, పెళ్లయ్యాక భార్య పేరు అందులో ఎక్కించలేదు. పుస్తెలతాడు కుదువపెట్టి ఆపరేషన్ చేయించాడు. మరుసటి జనవరిలో పరిమితి 21,000 అయింది, ఆయన మళ్లీ ఈఎస్ఐలోకొచ్చాడు. జీతం పెరిగితే సంతోషించాల్సింది పోయి, "సార్, ఆ నాలుగొందలు ఆపొచ్చా?" అని అడిగినవాళ్లు నా బల్ల ముందు ఎందరో. ఒకసారి లోపలికొచ్చిన కుటుంబాన్ని జీతం పెరిగిందని బయటికి నెట్టే నియమం అన్యాయం. చందా శాతంలో కోసేదే అయినప్పుడు ఎక్కువ జీతగాడు ఎక్కువే కడతాడు కదా!

చందా భారమేమీ కాదు. 1997 నుంచి ఉద్యోగి 1.75 శాతం, యజమాని 4.75 శాతం కట్టేవారు. 2019 జూలై నుంచి 0.75, 3.25కి తగ్గించారు. పదిహేను వేల జీతగాడికి ఇప్పుడు కోత నూటపన్నెండు రూపాయల పైచిలుకు. ఆ డబ్బుకు గుండె ఆపరేషన్ దాకా వైద్యం ఇచ్చే బీమా బజారులో దొరకదు.

దవాఖాన మాట వస్తే అందరికీ ఫిర్యాదులే. డిస్పెన్సరీలు, నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి లాంటివి నడిపేది రాష్ట్ర ప్రభుత్వం. ఖర్చులో ఎనిమిదింట ఏడు వంతులు ఈఎస్ఐ కార్పొరేషన్ ఇస్తుంది, మిగతా వంతు రాష్ట్రానిది. సనత్‌నగర్ ఆసుపత్రిని మాత్రం కార్పొరేషనే చూసుకుంటుంది, అక్కడ మెడికల్ కాలేజీ 2016లో మొదలైంది. ఇద్దరు యజమానులున్న ఇంట్లో ఎవర్ని అడగాలో తెలియదు. ఒక డిస్పెన్సరీలో బీపీ మందు నెలకు రాసి, పది రోజులకే ఇచ్చి, మిగతాది బయట కొనుక్కోమన్న రోజులు నాకు తెలుసు. మందుల కొనుగోళ్లలో అక్రమాలు జరిగాయని 2019లో తెలంగాణ ఏసీబీ కేసులు పెట్టి ఈఎస్ఐ వైద్య విభాగం అధికారులను అరెస్టు చేసినప్పుడు, ఆ పది రోజుల మందుబిళ్లలే నా కళ్లముందు కదిలాయి. అయినా చెబుతున్నాను, కిడ్నీలు పోయినవాళ్లకు ఏళ్ల తరబడి డయాలసిస్, క్యాన్సర్ వైద్యం ఈ కోతల డబ్బుతోనే జరిగాయి. టీబీ, క్యాన్సర్ లాంటి దీర్ఘ జబ్బులు 34 ఉన్నాయి. వాటికి జీతంలో 80 శాతం రెండేళ్ల దాకా ఇస్తారు. ప్రైవేటు పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది, ఇంట్లో బియ్యానికి డబ్బివ్వదు. ఈఎస్ఐ ఇస్తుంది. ఈ తేడా చాలామంది గమనించరు.

షెడ్డు గేటు బయట ఉన్నవాళ్ల కోసం ఇలాంటి బీమా ఏదీ లేకుండానే ఆంధ్రప్రదేశ్ యాభై ఏళ్లు గడిపింది. నారపల్లి పాత ఊళ్లోని రైతుకూలీకి, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బండి పెట్టుకున్నవాడికి ఫారం-1 ఎవరు నింపుతారు? పెద్ద జబ్బొస్తే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టడం, ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం కోసం తిరగడం ఒక్కటే దారి. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా పాకింది. మొదట్లో స్టార్ హెల్త్ కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టేది, తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టు తానే నేరుగా నడపసాగింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు.

టైమాఫీసు మనిషిగా నాకు ఆశ్చర్యం కలిగించింది డబ్బు మొత్తం కాదు. ఇందులో చేరడానికి ఫారమే లేదు! తెల్ల రేషన్ కార్డులో పేరుంటే చాలు, చేరినట్టే. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆరోగ్యమిత్ర అని ఒక మనిషి కూర్చునేవాడు. కార్డు చూసి, రోగి ఫొటో తీసి, అనుమతి కోసం పంపేవాడు. మా వీధిలో ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ భర్తకు స్టెంటు వేయించాల్సి వచ్చినప్పుడు నేను తోడు వెళ్లాను. ఆమె చీర కొంగులోంచి కార్డు తీసి ఇచ్చింది. అవతలి మనిషి రెండే ప్రశ్నలు వేశాడు. ఆమె నన్ను చూసి, "ఇంతేనా అన్నా, ఇంకేం సంతకం పెట్టొద్దా?" అంది.

ఫారం లేని పథకానికి కూడా గుమ్మం ఉంటుంది. ఇక్కడ ఆ గుమ్మం రేషన్ కార్డు. తెలంగాణ వచ్చాక తెల్లకార్డు ఆహార భద్రత కార్డయింది. పెళ్లై వేరుపడినవాళ్లు, పుట్టిన పిల్లలు, ఊళ్ల నుంచి నగరం అంచుకు వచ్చినవాళ్లు కొత్త కార్డుకో, ఉన్న కార్డులో పేరు చేర్చడానికో ఏళ్ల తరబడి ఎదురుచూశారు. కొత్త కార్డుల పంపిణీ 2025లో పెద్దఎత్తున మొదలైనప్పుడు మా కాలనీ మీసేవా ముందు నిలబడినవాళ్లలో సగం మందికి బియ్యం అక్కర్లేదు, ఆసుపత్రే అక్కర. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు. ఆ 10 లక్షలూ కార్డులో పేరున్నవాళ్లకే. కేంద్రం 2018 సెప్టెంబరులో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో తెలంగాణ 2021లో చేరింది. 2024 అక్టోబరు ఆఖర్లో 70 ఏళ్లు నిండిన ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఏడాదికి 5 లక్షల వైద్యం అన్నారు. దీనికి ఆధార్ ఒక్కటే ఆధారం. నాకు తెలిసి వయసు తప్ప ఇంకేమీ అడగని మొదటి పథకం ఇదే.

ఇక సొంత డబ్బుతో కొనే పాలసీ. ప్రభుత్వ బీమా కంపెనీలు 1986లో మెడిక్లెయిమ్ తెచ్చాయి. బ్యాంకు ఉద్యోగులు, చిన్న వ్యాపారులు తప్ప మా వైపు ఎవరూ దాని పేరు కూడా వినలేదు. ప్రైవేటు కంపెనీలను రానిస్తూ 1999లో చట్టం చేశారు. బీమా నియంత్రణ సంస్థ తన కేంద్ర కార్యాలయాన్ని 2001లో హైదరాబాద్‌కే తెచ్చుకుంది. ఆ తర్వాతే నగదు కట్టకుండా ఆసుపత్రిలో చేరే పద్ధతి అలవాటైంది. పోచారంలో ఐటీ కంపెనీలు వచ్చాక నారపల్లిలో ఇళ్లు కొన్న కుర్రాళ్లకు కంపెనీ పాలసీ ఉంటుంది. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఉద్యోగం పోయిన రోజే అది పోతుంది, ఒంట్లో బాగున్నప్పుడే విడిగా ఒకటి తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా మూడేళ్లే. అంతకుముందు నాలుగేళ్లుండేది. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. షుగరుందన్న సంగతి దాచి ఫారం నింపే ఏజెంటును నమ్మకండి. ప్రీమియం కట్టినన్నాళ్లు ఏమీ అనరు, క్లెయిమ్ దగ్గరే తవ్వుతారు.

ఈఎస్ఐలో చేరని యజమానులకు ఇంకో అవకాశమిస్తూ 2025 జూలై నుంచి కొన్ని నెలల పాటు కార్పొరేషన్ ఒక పథకం నడిపింది. ఆ గడువులో రిజిస్టర్ చేసుకుంటే పాత బకాయిలు అడగబోమన్నారు. 2016లోనూ ఇలాంటిదే పెట్టారు. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా బతిమాలి పేర్లు ఎక్కించుకోవాల్సి వస్తోందంటే, పేరు ఎక్కించే అధికారం యజమాని చేతిలో పెట్టడమే దీనికి కారణమని నా అభిప్రాయం. పని మొదలుపెట్టినవాడు తన ఫోను నుంచి తానే నమోదు చేసుకుని, యజమానికి నోటీసు పోయేలా ఉంటే పంతొమ్మిది పేర్ల రిజిస్టర్లు ఉండేవి కావు.  ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాల కింద దుమ్ములో హెల్మెట్లు పెట్టుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్లకు ఎవరు యజమాని అన్నదే తేలకపోతే వాళ్ల పేరు ఎవరు రాస్తారు? 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ వాళ్లను గిగ్ కార్మికులని గుర్తించింది. వాళ్ల కోసం కంపెనీల దగ్గర డబ్బు వసూలు చేయాలని అందులో రాసుంది. ఆ రాత ఒక కుర్రవాడి పేరు పక్కన నంబరుగా మారేదాకా నేను దాన్ని బీమా అనను.

చివరగా, నా వయసువాళ్లకు తెలియక పోగొట్టుకుంటున్నది ఒకటుంది. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ పరిధిలో పనిచేసి, పదవీ విరమణ వయసుకు రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలన్నమాట. నా జీతం ఆఖరుదాకా పరిమితి లోపలే ఉండటం వల్ల నేనూ మా ఆవిడా ఇలాగే నడుపుకుంటున్నాం. మా వీధిలో పాత ఫ్యాక్టరీ మనుషులు చాలామంది ఉన్నారు. ఇన్సూరెన్స్ నంబరు, రిటైరైన కాగితం, ఆధార్ పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు వెళ్లండని అందరికీ చెబుతున్నాను. పాత కార్డు పోయినా పర్వాలేదు. నంబరు గుర్తులేకపోతే పాత జీతం చీటీ వెతకండి, దాని మీద ఉంటుంది.